అనర్థం బోరు

మా వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, ఫీల్డులో మీకు బాగా గుర్తుండిపోయిన అనుభవం చెప్పండి" అని అడుగుతుంటారు. నేను ఏ గనిలోనో ఇరుక్కుపోయిన కథ చెబుతానని వాళ్ల ఆశ. నాయనలారా, నాకు గనులు ఎక్కడివి? నేను చదివింది రాళ్ల చదువు, ఉద్యోగం వెలగబెట్టింది బందరులో.

తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. బందరులో బయల్దేరి గుడివాడ దాకా వెళ్లండి, వెనక్కి తిరిగి అవనిగడ్డ మీదుగా దివిసీమ చివర సముద్రం దాకా వెళ్లండి. నేలలో పుట్టిన రాయి ఒక్కటి కనబడదు. అంతా కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రుమట్టి, సముద్రం వదిలేసిన ఇసుక. రాయి కావాలంటే లారీలో రావాలి. కుక్క కనబడితే రాయి కనబడదనే సామెత మా వైపే పుట్టి ఉంటుంది. అలాంటి చోట జియాలజిస్టు ఉద్యోగమంటే తిరుపతి కొండ మీద దువ్వెనలు అమ్ముకోవడం లాంటిది. మా బావమరిది పండక్కి వచ్చినప్పుడల్లా, "ఏం బావా, ఈ ఏడన్నా ఒక గులకరాయి కనబడిందా?" అని నలుగురిలో పలకరించేవాడు. ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు, మా ఆవిడతో సహా.

నా పనల్లా మంచినీళ్ల బోరు ఎక్కడ వేయాలో చెప్పడం. ఇది తేలికైన పనని అనుకోకండి. మా చివరి ఊళ్లలో ఎక్కడ తవ్వినా నీళ్లు పడతాయి, అన్నీ ఉప్పునీళ్లే. పాత ఇసుక దిబ్బలున్న చోట మాత్రం వాననీరు ఇంకి, ఉప్పునీటి మీద మంచినీరు మీగడలాగా పలచగా నిలబడి ఉంటుంది. ఆ మీగడ ఎక్కడుందో కనిపెట్టాలి, అంతవరకే బోరు దించాలి. ఆశపడి ఇంకాస్త లోతుకు పోతే ఉప్పు పైకి ఎగదన్నుతుంది. ఆ విద్యలో నేను మొనగాణ్నే. కానీ మొనగాణ్నని నన్నెవరూ పొగిడేవాళ్లు కాదు. నీళ్లు బాగుంటే ఊరి అదృష్టం, ఉప్పగా ఉంటే జియాలజిస్టు తప్పు.

రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు, ఎండలు ముదిరి కాలువలు కట్టేసిన రోజుల్లో, హంసలదీవి దగ్గర్లోని ఒక పాలెం నుంచి కబురొచ్చింది. ఊరి ప్రెసిడెంటు గారు, అంటే సర్పంచి, చేపల చెరువులున్న ఆసామి. ఆయన నన్ను జీపు దిగనివ్వకుండానే కష్టం చెప్పారు.

"పప్పు ఉడకట్లేదండీ."

నీళ్ల గురించి నేను వినని ఫిర్యాదు లేదు గానీ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఉప్పునీళ్లలో కందిపప్పు ఉడకదు. ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఊళ్లో కుక్కర్లన్నీ కూసి కూసి గొంతు పోగొట్టుకున్నాయట. ట్యాంకరు నీళ్లు తాగడానికే చాలడం లేదు.

ఆ ఊళ్లో పక్కపక్క ఇళ్లలో ఇద్దరు ముసలి తోడికోడళ్లు ఉండేవారు. ఊరంతా పిలిచినట్టే నేనూ వాళ్లను పెద్దావిడ, చిన్నావిడ అంటాను. పెద్దావిడకు నోట్లో పన్ను లేదు. అందరికీ పప్పు ఉడక్కపోతే విసుగు, ఆవిడకు మాత్రం అన్నమే దిగదు.

"బాబూ, నాకు ఏ కోరికా లేదు. మెత్తటి పప్పు ముద్దలో కాస్త నెయ్యేసుకుని తినాలి. ఆవకాయ కూడా అడగట్లేదు," అంది నా చెయ్యి పట్టుకుని. ఆవిడ చేతివేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయి ఉన్నాయి. నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఈవిడకు పప్పు ఉడికించకపోతే నా చదువెందుకని అక్కడే నిర్ణయించుకున్నాను.

ఊరంతా తిరిగి, నేలలోకి కరెంటు పంపి నీటి జాడ చెప్పే నా పెట్టెతో కొలతలు తీసుకుని, ఆ రెండిళ్ల వెనక ఖాళీ స్థలంలో పాయింటు పెట్టాను. మంచినీటి మీగడ అక్కడే మందంగా ఉంది. చిన్నావిడ చూసి, "సరిగ్గా అక్కడే మా పాత నుయ్యి ఉండేదండీ. పూడ్చేసి ఎన్నేళ్లయిందో! ఆ నీళ్లు కొబ్బరినీళ్లే అనుకోండి," అంది. నా ఛాతీ ఉబ్బింది. "చూశారా, పెద్దలు కనిపెట్టిందే నేనూ కనిపెట్టాను!" అని ప్రెసిడెంటు గారితో అన్నాను. పెద్దావిడ మాత్రం కర్ర పోటేసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు దాన్ని నేను పట్టించుకోలేదు.

చిన్నావిడ మజ్జిగ ఇస్తానంటే లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర తలుపుకు అడ్డం పెట్టిన రాయికి కాలు కొట్టుకున్నాను. బొటనవేలి గోరు లేచింది. "రాళ్లు లేని ఊళ్లో కూడా నా కాలికే రాయి తగలాలా!" అని దాన్నో తన్ను తన్ని, కుంటుతూ వచ్చి మజ్జిగ తాగాను. ఈ తన్ను సంగతి గుర్తుపెట్టుకోండి. నా ఉద్యోగ జీవితానికి అంతకంటే మంచి బొమ్మ ఇంకోటి లేదు.

మర్నాడు బోరు మేస్త్రి మనుషులతో వచ్చి గొట్టం దించడం మొదలుపెట్టాడు. మా వైపు బోరంటే మెత్తని నేలలో చేత్తో దించేదే, పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఇసుక, బంకమట్టి, మళ్లీ ఇసుక. నేను నీడలో కుర్చీ వేసుకుని కునుకు తీస్తున్నాను. ఉన్నట్టుండి గొట్టం అడుగు నుంచి 'ఠంగ్' మని చప్పుడొచ్చింది.

మేస్త్రి నా వైపు చూశాడు. నేను మేస్త్రి వైపు చూశాను.

"రాయండీ," అన్నాడు.

"ఇక్కడ రాయేంటయ్యా?"

"నన్నడుగుతారేంటండీ? రాళ్ల సారు మీరు."

గొట్టానికి ఉలి తగిలించి పొద్దు వాలేదాకా పొడిచారు. పైకొచ్చిన బురదను కడిగితే గుప్పెడు పెచ్చులు మిగిలాయి. భూతద్దం పెట్టి చూశాను. బూడిదరంగు, అక్కడక్కడా నీలిచాయ, తళతళలాడే పలకలు. కాలేజీ వదిలాక మళ్లీ చూడని రాయి. కరిగిన రాతిద్రవం భూమి లోపల చల్లబడేటప్పుడు ముందుగా గట్టిపడే ఖనిజాల్లో ఒకటుంది, కాల్షియం, అంటే మనింటి సున్నంలో ఉండేదే, బాగా పట్టిన ఫెల్డ్‌స్పార్. ఒక రాయి మొత్తం దాదాపు దానితోనే తయారవడం అరుదు. అది నా అరచేతిలో ఉంది. దివిసీమలో, ఇసుక కింద, రెండు మూడు నిలువుల లోతులో!

నా ఒళ్లు ఝల్లుమంది. డెల్టా కింద రాతి నేల ఎక్కడో పాతాళంలో ఉందని పుస్తకాలన్నీ ఘోషిస్తుంటే, ఇక్కడ ఒక కొండశిఖరం దాదాపు పైకి వచ్చేసిందన్న మాట. పైగా కొన్ని పెచ్చుల మీద ఒకవైపు అద్దంలా నున్నగా ఉంది. దానికి నా దగ్గర జవాబు సిద్ధం. ఒకప్పుడు ఇది సముద్రపు ఒడ్డు, అలలు వేల ఏళ్లు కొట్టి కొట్టి ఆ శిఖరాన్ని నున్నగా అరగదీశాయి. మరి నుయ్యి సరిగ్గా అక్కడే ఎందుకు ఆగింది? తవ్వినవాళ్లకు అడుగున బండ తగిలింది కాబట్టి! ఒక్కో ముక్కా దాని చోట దానంతటదే వచ్చి కూర్చుంది. పిల్లలూ, మీ ముక్కలన్నీ అంత చక్కగా కూర్చున్న రోజున లేచి నిలబడి ఒకసారి అనుమానించండి. నేను అనుమానించలేదు. పైపెచ్చు మేస్త్రిని పిలిచి, "ఇంకెవరూ ఇక్కడ గునపం దించకూడదు. ఎవరూ దీన్ని ముట్టుకోకూడదు," అని గట్టిగా ఆజ్ఞ వేశాను.

"రెండడుగులు పక్కకి జరిపితే అయిపోద్దిగదండీ," అన్నాడు మేస్త్రి.

"రెండడుగులా? కింద కొండ ఉందయ్యా! కొండ రెండడుగులుంటుందా?"

పెద్దావిడ కర్ర పోటేసుకుంటూ వచ్చి గుంతలోకి తొంగిచూసింది. "అది నిజంగా కొండేనా బాబూ?" అంది.

"కొండేనమ్మా. వందల కోట్ల ఏళ్ల నాటిది."

"నాకంటే పెద్దదే. మరి నున్నగా ఉందేంటి?"

అలల సంగతి చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అలలా!" అని లోపలికి వెళ్లిపోయింది. ఆశ్చర్యపోయిందనుకున్నాను.

పెచ్చుల్ని యూనివర్సిటీలో ప్రొఫెసరుగా ఉన్న నా చిన్ననాటి క్లాస్‌మేటుకు పంపాలి. చేతికి దొరికిన డబ్బా బందరు హల్వాది. మా డ్రైవరు, తిండి విషయంలో మహా పట్టింపున్న గుడివాడ మనిషి, "డబ్బా మీద పేరు చించేయండి సార్, ఎవరన్నా ఆశపడతారు," అని చెప్తూనే ఉన్నాడు. తొందరలో నేను వినలేదు.

కొన్నాళ్లకు ప్రొఫెసరు ఫోన్ చేశాడు. అప్పుడు నేను ఆ పాలెంలోనే టీ కొట్టు దగ్గర ఉన్నాను. ఆ ఊళ్లో సిగ్నలు నేల మీద నిలబడితే ఒక గీత, టీ కొట్టు ముందు బల్ల ఎక్కితే రెండు గీతలు. బల్లెక్కి స్పీకర్ పెట్టాను. కింద పదిమంది గ్లాసులు పట్టుకుని తలెత్తి వింటున్నారు.

"ఒరేయ్, హల్వా డబ్బాలో రాళ్లు పంపుతావా? మా ఆవిడ చాకు పుచ్చుకుని అరగంట కుస్తీ పట్టింది. నీతో మాట్లాడనంటోంది."

"అది తర్వాత రా. రాయి సంగతేంటి?"

"అనార్థోసైటు రా! నిండా ఫెల్డ్‌స్పారే. సున్నం పాలు బాగా ఎక్కువ. అనార్థైటనే రకం వైపే మొగ్గుతోంది."

"అనార్థైటా! ఖాయమా?"

"ఖాయం. చంద్రుడి మీద తెల్లగా కనబడేదంతా ఈ రాయే కదరా. మీ ఊరి కింద ఎంత ఉందో ఏంటో! నేను బయల్దేరి వస్తున్నా."

నేను ఆనందం పట్టలేక బల్ల మీదే చిన్న గంతు వేసి, "అనార్థైటే! అనార్థైటే!" అని అరిచాను.

కింద ఎవరూ గంతులు వేయలేదు. టీ కొట్టతను మెల్లగా గ్లాసు కింద పెట్టాడు.

"అనర్థమాండీ?"

"అనర్థం కాదయ్యా. అనార్థైటు."

"అదేలెండి. ఇంగ్లీషులో చివరాఖర్న 'టు' పెడతారుగా. కారుని కార్టు అన్నట్టు."

"ఎవరంటారయ్యా కారుని కార్టని?"

"మీకు తెలవంది కాదు సార్. పెద్దోళ్లు, జనం భయపడతారని దాస్తున్నారు. మాకర్థమైందిలెండి."

బల్ల దిగి ఆ పేరెలా వచ్చిందో, అదెంత మంచి రాయో చెప్పబోయాను. నేను చెప్పిన కొద్దీ వాళ్ల నమ్మకం గట్టిపడింది. సాయంత్రానికి ఊరంతా పాకిన వార్త ఇది: పాలెం కింద పెద్ద అనర్థం ఉంది, చంద్రుడి మీద పడ్డదీ అదే, ఆయనకు మచ్చ అందుకే వచ్చింది. అందులో సున్నం ఎక్కువ, ఎందుకంటే మనుషుల ఎముకల్లో సున్నం అదే పీల్చేస్తుంది. మేస్త్రి ఒక్కసారి పొడిచినందుకే సారు గోరు లేచిపోయింది. "గోరు అంతకుముందే లేచిందయ్యా!" అని మొత్తుకున్నాను. "చూశారా, ముందుగానే హెచ్చరించింది," అన్నారు.

ఆపైన ఊళ్లో ఏం జరిగినా దాని ఖాతాలోకే వెళ్లింది. కరెంటు పోతే అనర్థం. కోడి గుడ్ల మీంచి లేచిపోతే అనర్థం. మా జీపు టైరు పంక్చరైతే డ్రైవరు కూడా నన్ను అదోలా చూశాడు. నా బాధ ఎవరితో చెప్పుకోను? ఆఫీసులో మా సూపరింటెండెంటుకు చెబితే, ఆయన తన బదిలీ బాధ నాకు గంటసేపు చెప్పాడు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. ఆ సామెత అప్పుడు నా నోటికెలా వచ్చిందో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ప్రెసిడెంటు గారు నన్ను పిలిపించారు. "ఆ గుంత పూడ్చేయిస్తున్నానండీ. బోరు ఊరికి ఆ చివర, నా చెరువుల గట్టున వేద్దాం."

"అక్కడ ఉప్పేనండీ! మీ పప్పు జన్మలో ఉడకదు."

"ఉడక్కపోతే పెసరపప్పు తింటాం. అనర్థం నీళ్లు ఎవరు తాగుతారండీ? ముట్టుకోవద్దని మీరే ఆజ్ఞ వేశారంట."

 రాయికి దెబ్బ తగలకూడదని నేనన్న మాట, మనుషులకు దెబ్బ తగలకూడదని అన్నట్టు ఊరు అర్థం చేసుకుంది. తిరిగి వస్తుంటే పెద్దావిడ అరుగు మీద కంచం ముందు కూర్చుని, అన్నంలో నీళ్లు పోసుకుని పిసుకుతోంది. పప్పు గిన్నె అలాగే పక్కన ఉంది. నన్ను చూసి ఏదో చెప్పబోయింది. అంతలో చిన్నావిడ గిన్నె తీసుకెళ్లడానికి వచ్చింది. పెద్దావిడ కంచంలోకి తల దించేసుకుంది. ఆ పూట నాకు ఇంటికెళ్లాక అన్నం సయించలేదు.

అసలైన రోజు వచ్చింది. పొద్దున్నే మా ప్రొఫెసరు నెత్తిన టోపీ, చేతిలో సుత్తితో కారు దిగాడు. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు గారి జేసీబీ గుంత పూడ్చడానికి వచ్చింది. మేస్త్రి గొట్టాలు ట్రాక్టరుకు ఎక్కిస్తున్నాడు. ఊరు ఊరంతా దూరంగా, అనర్థం అందుకోలేనంత దూరంలో నిలబడింది.

"పూడ్చడానికి వీల్లేదు. గుంత పెద్దది చేసి రాయిని చూడాలి," అన్నాడు మా వాడు.

"అనర్థాన్ని బయటకి తీస్తారా? ఊళ్లో ఒక్కడు ఒప్పుకోడు," అన్నారు ప్రెసిడెంటు గారు.

"రెండు వైపులా కాకుండా నేనొక మాట చెబుతాను," అన్నాను నేను. చెప్పడానికి నా దగ్గర ఏ మాటా లేదు. పూడిస్తే నా కొండ పోతుంది, ఊరికి మంచినీళ్లూ పోతాయి. పూడ్చకపోతే ఊరు నన్ను పూడుస్తుంది. జేసీబీ మట్టి ఎత్తింది.

పెద్దావిడ కర్ర పోటేసుకుంటూ వచ్చి గుంతకూ బకెట్టుకూ మధ్య నిలబడింది.

"ఆగవయ్యా. అది అనర్థమూ కాదు, చంద్రుడూ కాదు. అది మా రోలు."

ఎవరికీ అర్థం కాలేదు. జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"రోలేంటమ్మా?" అన్నాను.

"రుబ్బురోలు బాబూ. మాది ఖమ్మం అవతల కొండల పక్క ఊరు. పెళ్లయి వచ్చేటప్పుడు మా నాన్న, రాయి పుట్టని ఊరికి పిల్లనిస్తున్నాం, రుబ్బుకోడానికి దానికో రోలైనా ఉండాలని, ఊరి కొండ రాయి తొలిపించి సారెతో పాటు బండిలో ఎక్కించాడు. అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు మా మావగారు, కొంపలో ఉన్నవన్నీ ఉమ్మడివేనని, దాన్ని దీని వాటాలో వేశాడు." కర్రతో చిన్నావిడ వైపు చూపించింది. "నాకు ఒళ్లు మండింది. అందరూ కోతలకి పోయినప్పుడు దొర్లించుకుంటూ తీసుకెళ్లి నూతిలో తోసేశాను."

మా ప్రొఫెసరు టోపీ తీసేశాడు.

నేనింకా ఆశ చంపుకోలేదు. "మరి, అలలు అరగదీసిన నునుపు?" అన్నాను.

"అలలు కాదు బాబూ. మినప్పప్పు."

నవ్వాలని అందరికీ ఉంది, ఎవరూ నవ్వలేదు. అందరూ చిన్నావిడ వైపే చూస్తున్నారు. ఆవిడ ముఖం ఎర్రబడింది.

"అక్కా! ఆ రోలు ఎత్తుకుపోయిన దొంగని నేను పక్కింటి రోట్లో రుబ్బినప్పుడల్లా తిట్టేదాన్ని."

"నేనూ నీతో కలిసి తిట్టాను కదే."

"నాకంటే ఎక్కువ తిట్టావు! వాడి చేతులు వంకర్లు పోవాలన్నావు!"

"పోయినయ్యిగా," అంటూ పెద్దావిడ రెండు చేతులూ ముందుకు చాపింది.

చిన్నావిడ ఆ వేళ్ల వంక చూసింది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. నాకు నిజంగా భయం వేసింది. మొగుళ్లు పోయాక ఒకరికొకరు దిక్కుగా బతుకుతున్న మనుషులు. ఒకే పొయ్యి, ఒకే కంచం పీట. నేను బల్లెక్కి అరవకపోతే ఆ రోలు సంగతి నూతిలోనే ఉండేది. నా కొండ పోతే పోయింది గానీ, వీళ్లిద్దరి మధ్యా మాటలు పోకూడదు. పెద్దావిడ చాపిన చేతులు అలాగే ఉంచి గుమ్మం వైపు చూస్తోంది.

చిన్నావిడ బయటికొచ్చింది. చంకలో పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక పొడవాటి గుండ్రటి రాయి ఎత్తుకుని, ఆయాసపడుతూ వచ్చి గుంత పక్కన దింపింది.

"పొత్రం. ఇన్నేళ్లూ తలుపుకి అడ్డం పెట్టుకున్నా, రోలు లేదుగా. తియ్యండి దాన్ని. జత కలుస్తుందో లేదో చూస్తే గానీ నేను నమ్మను," అంది. అని పెద్దావిడ వైపు తిరిగి, "నువ్వు ఎండలోంచి ఇవతలికి రా ముందు," అని కసిరింది.

ప్రొఫెసరు పొత్రం పక్కన గొంతుక్కూర్చుని భూతద్దం పెట్టాడు. బూడిదరంగు, నీలిచాయ, తళతళలాడే పలకలు. తలెత్తి నన్ను చూశాడు.

"ఇదెక్కడుందిరా?"

"వాళ్ల గుమ్మంలో."

"నువ్వు చూళ్లేదూ?"

"చూళ్లేదు. తన్నాను."

అప్పుడు నవ్వారు. ప్రెసిడెంటు గారు మొదలుపెట్టారు, ఊరంతా అందుకుంది, పెద్దావిడ బోసినోటితో చివరిదాకా నవ్వింది. "కొండని తవ్వి ఎలకని పట్టారని విన్నాం గానీ, రోలుని పొడిచి కొండని పట్టినోళ్లని మిమ్మల్నే చూశామండీ," అన్నారు ప్రెసిడెంటు గారు. మా వాడు వెళ్లేటప్పుడు కారు అద్దం దించి, "ఒరేయ్, రోట్లో తల దూర్చి రోకటి పోటుకి వెరవకూడదు. హల్వా మాత్రం నిజంది పంపు," అన్నాడు. పంపాను. వాళ్లావిడ కొరకడానికి ముందు చాకుతో పొడిచి చూసిందట.

జేసీబీ తవ్వితే రోలు బయటికొచ్చింది. మేస్త్రి పొడిచిన పోటుకు రోటి గుంట అడుగున చిల్లు పడింది. పొత్రం పెట్టి చూస్తే జత కలిసింది. అదే గుంతలో మేస్త్రి, సరిగ్గా నేను చెప్పిన లోతుకే బోరు దించాడు. చేతిపంపు కొట్టగానే మొదట బురద, తర్వాత మంచినీళ్లు వచ్చాయి. ఆ మొదటి బిందె తోడికోడళ్ల పొయ్యి మీదికే వెళ్లింది. కుక్కరు ఎక్కువసేపు కూయలేదు. పెద్దావిడ పప్పు ముద్ద చేతిలోకి తీసుకుని, వేళ్లతో మెదిపి, అది మెదిగినందుకు కాసేపు దాని వైపే చూస్తూ ఉండిపోయింది.

రిటైరయ్యాక ఒకసారి అవనిగడ్డ వెళ్లినవాణ్ని ఆ పాలెం దాకా పోయొచ్చాను. పంపు కింద బిందె పెట్టుకోవడానికి ఆ రోలే వేశారు. చిల్లు ఉంది కదా, ఒలికిన నీళ్లు నిలవకుండా కిందికి పోతాయి. అంత తెలివైన పంపు దిమ్మ మా ఇంజనీర్లు ఎవరూ కట్టలేదు. పేరు మాత్రం పోలేదు. పక్క ఊళ్ల వాళ్లు కూడా డబ్బాలు పట్టుకుని, "అనర్థం బోరు ఎటండీ?" అని అడుగుతూ వస్తున్నారు. టీ కొట్టతను, "అనర్థం నీళ్లతో పెట్టిన టీ అండీ, తాగి చూడండి," అని గొప్పగా అందించాడు.

తోడికోడళ్లు భోంచెయ్యకుండా కదలనివ్వలేదు. చిన్నావిడ లోపల వడ్డిస్తుంటే, పెద్దావిడ అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"నీళ్లు ఎట్టా ఉన్నాయి బాబూ?"

"తియ్యగా ఉన్నాయమ్మా."

"ఉండవా మరి? మా పుట్టింటి రాయి మీంచి వస్తున్నాయి."

లోపల్నుంచి గరిటె చప్పుడుతో పాటు చిన్నావిడ గొంతు వినబడింది. "రాయి మీ పుట్టింటిదేలే అక్కా. వాటాలో మాత్రం నాకొచ్చింది."

పెద్దావిడ నా చెవి దగ్గరకు వంగి గుసగుసగా అంది.

"విన్నావా బాబూ? అందుకే నూతిలో వేశాను."